పాలు లేని డికాక్షన్

మా తమ్ముడు పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. డయాలసిస్‌కి బయలుదేరుతూ, నోయిడాలో వాడి ఇంటి గుమ్మం దగ్గరే కూలిపోయాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

ఇక్కడి మన తెలుగువాళ్ల సభల్లో వాడు మైకు సరిచేస్తుండగా మీలో చాలామంది చూసే ఉంటారు. నలుగురిలో నేను మొదటిదాన్ని, వాడు ఆఖరివాడు. మరదలికి ఉద్యోగం. అందుకని మూడేళ్లు, వారానికి రెండుసార్లు, ఆస్పత్రికి తోడు నేనే వెళ్లాను. లోపలికి అయిదు నిమిషాలే రానిచ్చేవారు. మిగతా నాలుగు గంటలూ బయట బెంచీ మీద జపం చేసుకునేదాన్ని.

వాడి ఒంట్లో రక్తం తగ్గిపోయేది. ఐరన్ మందు సెలైన్‌లో కలిపి ఎక్కించేవారు. ముదురు గోధుమరంగు. మొదటిసారి చూసి వాడు, "పెద్దక్కా, డికాక్షన్ ఎక్కిస్తున్నారు. కాసిని పాలు పొయ్యమను" అన్నాడు.

"క్యా బోల్ రహే హో, అంకుల్?" అంది నర్సు, తెలుగు అర్థం కాక.

"దూధ్ కమ్ హై, సిస్టర్," పాలు తక్కువయ్యాయన్నాడు వాడు.

కాఫీ అంటే వాడికి ప్రాణం. తాగిన నీరు బయటికి పోదు కనుక రోజుకు రెండు గుక్కలే. ముందు చాలాసేపు వాసన చూసేవాడు.

ఐరన్ ఎక్కుతున్నా రక్తం పెరగలేదు. మెడలోని చిన్న గ్రంథుల హార్మోను బాగా పెరిగిందనీ, అది ఎముకల్ని గుల్ల చేస్తోందనీ, రక్తం పట్టకపోవడానికీ అదే కారణం కావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఫాస్ఫరస్ ఉన్నవి తింటే అది ఇంకా పెరుగుతుందట. "నువ్వులు, పప్పులు తింటున్నారా?" అని అడిగాడు.

రక్తం పడుతుందని ఆర్నెల్లుగా బెల్లంతో నువ్వులుండలు చేసి, ప్రతిసారీ వాడి సంచిలో పెడుతున్నాను.

ఆటోలో వాడే అన్నాడు: "ఒక్కటీ తినలేదక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేసి అబద్ధమా?"

"అయితే ఈ ఆటో భయ్యా మీద ఒట్టు."

నా మనసు కష్టపడకూడదని అలా అంటున్నాడనుకున్నాను. నువ్వులుండలు మానేశాను. మందులు మార్చారు. రిపోర్టులో ఆ హార్మోను అంకె మాత్రం దిగలేదు. నేను జపం పెంచాను. "నువ్వు దేవుడితో మాట్లాడు పెద్దక్కా, నేను ఫాస్ఫరస్‌తో మాట్లాడతా" అనేవాడు.

మొన్న ఫైలు తెచ్చుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాను. ఆ నర్సే నా చెయ్యి పట్టుకుంది. "దీదీ, ఆప్‌కే తిల్ కే లడ్డూ..." అంటూ ఏడ్చేసింది. నా నువ్వులుండలన్నీ నర్సులు తామే తిన్నామని, అంకుల్ ఒక్కటీ ముట్టలేదని, దీదీకి చెప్పొద్దనేవాడని చెప్పింది.

వాడు నిజమే చెప్పాడు. నా వల్ల వాడికి కీడు జరగలేదు. నా చేతిది ఏదీ వాడి రక్తంలోకి చేరనూ లేదు. ఆ రెండింటికీ కలిపే దణ్ణం పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున గ్లాసు నిండా కాఫీ కలిపి వాడి ఫొటో ముందు పెట్టాను. కొలత చూడలేదు. కాసేపు ఆవిరి లేచింది. తర్వాత పైన మీగడ కట్టింది.