హద్దు దగ్గర పిలిచిన పేరు

సూర్యాపేటలో మా వీధిలో పాతవాళ్లను ఎవరిని కదిలించినా ఈ కథ చెబుతారు. బట్టల కొట్టువాళ్ల అబ్బాయీ, దర్జీవాళ్ల అబ్బాయీ కలిసి దేశాలు చూడబోయారు. తిరిగొచ్చేటప్పుడు హద్దు దగ్గర కొట్టువాళ్ల అబ్బాయి నోరు జారి స్నేహితుణ్ణి అసలు పేరు పెట్టి పిలిచాడు. అక్కడి జనం వాణ్ణి చావగొట్టారు. ఇంతవరకు చెప్పి, పాపం అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది, ఆ పిల్లవాడు మాత్రం ఏం చేస్తాడు, అని నా మీద జాలి పడతారు. ఆ జాలిని నేను ఇన్నేళ్లు మోశాను. ఇక మోయలేను. నా నోరు జారలేదు. కావాలనే పిలిచాను.

మీకే ఎందుకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు. రేపు వీధిలో ఎదురుపడరు. నన్ను క్షమించే పని పెట్టుకోకండి, ఆ హక్కు మీకు లేదు, మీరిచ్చినా నేను పుచ్చుకోను. మంచి మనిషే, బాధపడుతున్నాడు అని కూడా అనుకోకండి. ఈ రోజుకీ వాడి నవ్వు తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వినండి, చాలు.

వాడి పేరు ఇక్కడ చెప్పను. ఆ ప్రయాణంలో మేం వాడికి పెట్టిన దొంగపేరు రాజలింగం. దాంతోనే కానిస్తాను.

మేం కోమట్లం. వాళ్లు ముసల్మానులు. వాళ్ల నాన్న మా కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. లోపల మా దగ్గర గుడ్డ చింపించుకున్నవాళ్లు బయట ఆయనకు కొలతలిచ్చి పోయేవాళ్లు. నేను లోపల గద్దె మీద, వాడు బయట అరుగు మీద పెరిగాం. ఒకే బడిలో ఉర్దూ చదువుకున్నాం. మా మధ్య మతం గొడవే లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అది నా గొప్పా? వాడు అరుగు దాటి లోపలికి రానంత వరకు నాకు ఏ గొడవా ఉండాల్సిన పని లేకపోయింది, అంతే కదా? ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజులు. మాకు రాలేదు. నైజాం ప్రభువు విడిగా ఉంటానన్నాడు. కోదాడ దాటి కాస్త నడిస్తే చాలు, అది ఇంకో దేశం. జనం భయపడుతుంటే రాజలింగానికి మాత్రం ఇది తమాషాగా తోచింది. “ఇటు నైజాం, అటు యూనియన్, గోదావరి కొసకు పోతే యానాంల ఫ్రెంచోళ్లు. ఒక్క ఖర్సుతోని మూడు దేశాలు సూసొద్దాం పా. ఏది ఎప్పుడు ఖతమైతదో ఎవనికెరుక” అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. బెజవాడలో బట్టల బేరం చూసొస్తానని ఇంట్లో చెప్పాను.

ఖర్చు లేకుండా తిరిగే ఉపాయం వాడిదే. కోదాడలో వాడి మేనమామ ఇంట్లో మకాం. యూనియన్‌లో అడుగుపెట్టాక మా కులంవాళ్ల సత్రాల్లో పడక, భోజనం. సత్రంలో చొక్కా విప్పి పంక్తిలో కూర్చోవాలి, ఒంటి మీద జంధ్యం కనబడకపోతే లేపేస్తారు. వాడు వాళ్ల నాన్న మిషను మీది తెల్ల దారం తీసుకుని, తొడ మీద పురిపెట్టి, తనే ఒక జంధ్యం చేసుకున్నాడు. అది చూసి ఇద్దరం పడీ పడీ నవ్వాం. అప్పుడే ఒక మాట అనుకున్నాం. నైజాం నేల మీద నన్ను వాడు కాపాడాలి. యూనియన్ నేల మీద వాణ్ణి నేను కాపాడాలి. వాడు మాట నిలబెట్టుకున్నాడు. నా కడుపుమంటకు మొదలు అదే.

కోదాడ అవతల సుంకం నాకా ఉండేది. షావుకార్ల పిల్లలు బంగారం దాటిస్తున్నారనీ, అటుపోయి నైజాం మీది ఉద్యమంలో కలుస్తున్నారనీ సర్కారుకు అనుమానం. నా ముందున్న ఒకతన్ని పక్కకు లాగి చెంపలు వాయించారు. నా వంతు వచ్చింది. జవాను నన్ను ఎగాదిగా చూశాడు. నాకు మాట పెగల్లేదు. రాజలింగం ముందుకొచ్చి, “మా ఇంట్ల నౌకరు, సాబ్. జర పాగల్‌గాడు” అని ఉర్దూలో నవ్వుతూ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. మెడ మీద ఒక్కటి వేసి, మూట ఎత్తమన్నాడు. నేను ఎత్తాను. వాడి మూట, నా మూట, రెండూ నెత్తిన పెట్టుకుని నాకా దాటాను. వెనక వరసలో కోదాడ ధాన్యం షావుకారు ఒకాయన నిలబడి ఉన్నాడు. మా నాన్న దగ్గర బట్టలు తీసుకెళ్లేవాడు. నన్ను గుర్తుపట్టి, తల తిప్పుకుని, మీసాల్లో నవ్వుకున్నాడు.

నన్ను కాపాడాడు. నిజమే. ఆ దెబ్బ లేకపోతే జవాను నమ్మేవాడు కాదు. అదీ నిజమే. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు, తెలిసి కూడా, మా అరుగు మీద బతికేవాడు పదిమందిలో నన్ను నౌకరన్నాడే, మెడ మీద చెయ్యి వేశాడే, అందులో వాడికి లోలోపల కాస్త సంతోషం కూడా కలిగి ఉంటుందే అని ఆ మెడ మీది చోటును తడుముకుంటూ బెజవాడ దాకా నడిచాను, రైలెక్కాను, దిగాను. వాడికి నిజంగా సంతోషం కలిగిందా? ఏమో. వాడి స్థానంలో నేనుంటే కలిగేది. అందుకే వాడికీ కలిగిందనుకున్నాను.

ఆ తర్వాత వాడు నన్ను ఊరికే “ఓ జీతగాడా” అని, ఇంటి నౌకర్ని పిలిచినట్టు పిలవడం మొదలుపెట్టాడు. సత్రంలో, రైల్లో, కాలువ గట్టు మీద. ఎగతాళికే. నేనూ నవ్వేవాణ్ణి. పిలిచినప్పుడల్లా నా చెయ్యి మెడ మీదికి పోయేది. సత్రంలో మా పంక్తిలో కూర్చుని వాడు మారు అన్నం అడుగుతుంటే, నా విస్తరి ఎంగిలి అయినట్టు చిరాకు పుట్టేది. తీసుకొచ్చింది నేనే. కూర్చోబెట్టింది నేనే.

యానాం చూశాం. చిన్న ఊరు. ఫ్రెంచోళ్ల మూడు రంగుల జెండా, పొడుగు టోపీల పోలీసులు, వీధికో సారా దుకాణం. ఇదేనా దేశం అనుకున్నాం. కానీ అక్కడ వాడు ఏ మతమో ఎవరికీ పట్టలేదు. గోదావరి ఒడ్డున పడవవాడు పేరేమిటని అడిగితే రాజలింగం గొంతెత్తి అసలు పేరు చెప్పాడు. చెప్పి, మెళ్లో దారం తీసి జేబులో పెట్టుకుని, ఈడ జర హాయిగున్నదిరా అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం ఇసుకలో కూర్చుని అటుకులు తిన్నాం. మంచి సాయంత్రమే. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్కటే మంచిది. అప్పుడు మాత్రం, పక్కన కూర్చుని, వీడికి ఒక్కసారైనా నా లాగా నోరు ఎండిపోవాలి అనుకున్నాను.

తిరుగుదారిలో జగ్గయ్యపేట దాటి హద్దు దాకా వచ్చాం. అవతల కోదాడ. రోడ్డు పక్కన చిన్న టీ కొట్టు, చుట్టూ తాటాకు పందిళ్లు. మేం వెళ్లేటప్పుడు ఆ పందిళ్లు లేవు. నైజాం వైపు ఊళ్లలో నైజాం మనుషులు ఇళ్లు తగలబెడితే పారిపోయి వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మగవాళ్లు కర్రలూ, గొడ్డళ్లూ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. రాజలింగం మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లాడు. నన్ను వాళ్లు ఏ ఊరని అడిగారు, చెప్పాను. వాడెవరని అడిగారు. రాజలింగం, మావాడే అన్నాను. ఇక్కడ కాస్త ఆగండి. ముందు రోజు అదే చోట ఒక అత్తరు అమ్ముకునే సాయిబును ఏం చేశారో వాళ్లే నాకు చెప్పారు. విన్నాను. విన్న తర్వాతే పిలిచాను. నాకు తెలియక జరిగిందని నేను ఎవరి దగ్గరా అనడానికి లేదు.

వాడు బావి దగ్గర నుంచి తడి మొహంతో వస్తూ, ఇంటికి చేరబోతున్నామన్న సంబరంలో, “ఓ జీతగాడా, మూట నెత్తికెత్తు. ఇల్లొచ్చింది” అని అరిచాడు. అక్కడున్నవాళ్లు కొందరు నవ్వారు. ఆ కష్టంలో కూడా నవ్వారు. నన్ను చూసి.

అప్పుడు పిలిచాను. అసలు పేరుతో.

ఒక మనిషి లేచి నా దగ్గరికి వచ్చాడు. “రాజలింగమంటివి గద? ఇప్పుడేం పేరు పిలిచినవ్?” అన్నాడు. అక్కడ కూడా నాకు దారి ఉంది. ఇంకెవర్నో పిలిచానని అనవచ్చు. మా ఊళ్లో అలా పిలుచుకుంటామని అనవచ్చు. నేను నేల చూశాను. ఆ నేల చూపే వాళ్లకు జవాబు అయింది.

కొట్టినంత సేపూ నేను అరిచాను, అడ్డం పడ్డాను, నాకూ రెండు తగిలాయి. అదంతా నిజంగానే చేశాను, నటన కాదు. మొదటి దెబ్బకే నా కోపం దిగిపోయింది. కానీ వాళ్ల కోపం నాది కాదు కదా, నాతో పాటు దిగడానికి. తల కాపాడుకోవడానికి వాడు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. గొడ్డలి కామ ఆ చేతి మీద పడింది. మళ్లీ పడింది. చివరికి పందిట్లోంచి ఒక ముసలామె వచ్చి వాడి మీద వంగి నిలబడింది. ఇల్లు కాలిపోయిన మనిషే ఆమె కూడా. ఇగ సాలు పోండ్రి అంది. వాళ్లు ఆగారు. బండి మీద వేసుకుని కోదాడ దవాఖానాకు, అక్కణ్ణుంచి సూర్యాపేటకు తీసుకొచ్చాను. దారిలో తెలివి వచ్చినప్పుడు వాడు నన్నే ఓదార్చాడు. ఏడవకు, నోరు జారితే నువ్వేం జేస్తవ్ అన్నాడు. అవును అన్నాను. ఆ కథ అలా పుట్టింది. పుట్టించింది వాడు, పెంచింది నేను.

వాళ్లమ్మ నా రెండు చెంపలూ నిమిరి, మెటికలు విరిచి, నువ్వు లేకుంటే నా కొడుకు దక్కునా బిడ్డా అంది. ప్రతి రంజానుకు నాకని విడిగా గిన్నెలో సేమ్యాలు పంపేది. మా ఇంట్లో ఎవరూ ముట్టేవాళ్లు కారు. నేను తినేవాణ్ణి. ప్రేమతో అనుకోకండి, శిక్షగా అని కూడా అనుకోకండి. తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతారేమోనని తిన్నాను. ఆమె పోయేదాకా తిన్నాను.

చెయ్యి అతికింది కానీ వేళ్లు మళ్లీ వంగలేదు. షేర్వానీలు కుట్టాల్సినవాడు గుండీ కూడా కుట్టలేకపోయాడు. తండ్రి పోయాక మిషను అమ్మేసి, చెల్లెలి ఊరు మిర్యాలగూడ వెళ్లిపోయాడు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాల మూతులు కుట్టే పని దొరికింది. దబ్బనంతో, ఎడమచేత్తో. కుడిచెయ్యి బస్తాను ఒత్తి పట్టుకోవడానికి పనికొచ్చేది. ఆ మిల్లుకు నేను బియ్యానికి వెళ్లేవాణ్ణి. వేరే మిల్లుకు వెళ్లొచ్చు. వెళ్లలేదు. ఎందుకో నాకే తెలియదు. చూడకపోతే భయం, చూస్తే చిరాకు.

ఒక మధ్యాహ్నం నా బస్తాలే కుడుతున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు:

“ఒకటి అడగాల్నా?”

“అడుగు.”

“ఆ దినం నన్ను పిలిచినప్పుడు నువ్వు నా దిక్కు సూడలే. వాళ్ల దిక్కు సూసినవ్. ఎందుకురా?”

మిల్లు చప్పుడు. వినబడలేదన్నట్టు బస్తాలు లెక్కపెట్టాను. వాడు దబ్బనం ఆపి ఎదురుచూస్తున్నాడు.

“యాదికి లేదురా” అన్నాను.

“ఔ. శాన దినాలాయె” అన్నాడు. దారం పళ్లతో కొరికి, ఇంకో బస్తా దగ్గరికి లాక్కున్నాడు.

వాడికి తెలుసా? ఎప్పటినుంచి తెలుసు? బండిలో నన్ను ఓదార్చినప్పుడే తెలుసా, తెలిసే ఆ కథ నా చేతిలో పెట్టాడా, లేక ఎడమచేత్తో బస్తాలు కుడుతూ కుడుతూ ఏళ్ల తరబడి హద్దు దగ్గరి ఆ రోజును తిరగేసుకుని, ఏదో ఒక రోజు నా కళ్లు ఎటు ఉన్నాయో గుర్తుపట్టాడా? మళ్లీ అడగలేదు. ఆ తర్వాత కూడా నేను వెళితే ముందు నా బస్తాలే కుట్టి పంపేవాడు. అది దయ అయితే నాకు నచ్చలేదు. పగ అయితే ఇంకా నచ్చలేదు.

వాడు పోయాడు. మిర్యాలగూడలోనే మట్టి చేశారు. వెళ్లాను, నిలబడ్డాను, వచ్చాను. అక్కడ కూడా ఎవరో నన్ను చూపించి, ఆ రోజు ప్రాణం నిలిపిన దోస్తు ఈయనే అన్నారు.

వాడు అడిగిన దానికి జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. నాకు యాదికి ఉంది. వాళ్లు విన్నారో లేదో చూసుకోవడానికే అటు చూశాను. మొదటిసారి పిలిచినప్పుడు ఎవరూ తల తిప్పలేదు. వాడు కూడా వినలేదు, తువ్వాలుతో చెవులు తుడుచుకుంటున్నాడు. అక్కడితో ఆగవచ్చు. ఆగితే ఏమీ జరిగేది కాదు. వాళ్లవైపు చూస్తూ రెండోసారి పిలిచాను, ఇంకాస్త గట్టిగా.

ఇది ఎవరికీ తెలియదు. చెప్పాక ఊపిరి ఆడుతోంది. నాకు ఆడకూడదు. అయినా ఆడుతోంది.