సంపూర్ణమ్మ అల్లిన కుచ్చులు

సంపూర్ణమ్మ అత్త వరికంకులు చేతిలోకి తీసుకుంటే ఆడపిల్లకి జడ వేస్తున్నట్టే ఉండేది. కోసిన రోజే, కాడలో పచ్చిదనం ఆరకముందే కూర్చునేది. కాడలు పొడుగ్గా ఉంచి, ఒక కంకి మెడ మీద ఇంకో కంకి వేసి మడుస్తూ పోయేది. మనం ఓ పాట పూర్తి చేసేలోగా నిండు కుచ్చు ఒకటి ఆవిడ ఒళ్ళో కూర్చునేది. చూరుకి కడితే పిచ్చుకలు తలకిందులుగా వేలాడి తినేవి. మేం అల్లినవి నెల తిరక్కుండానే ఊడిపోయేవి. ఆవిడ అల్లినవి గింజలన్నీ అయిపోయాక కూడా ఒట్టి అల్లికతో ఉగాది దాకా నిలిచేవి.

ఏటా రెండు కుచ్చులు అల్లేది. ఒకటి మా లూథరన్ గుడికి, కోత పండుగ రోజున. రెండోది ఊళ్ళో రామాలయానికి.

మా ఊరు అమలాపురం నుంచి యానాం వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. ఊరు మెరక మీద, మా పేట పల్లంలో. నడుమ వెంకటరాజు గారి వరిచేను ఉండేది. కోత మొదలుపెట్టే రోజున ఆయన పంచె ఎగ్గట్టి తనే చేలోకి దిగేవారు. మొదటి గుప్పెడు కోసి అత్త చేతిలో పెట్టి, "మీ గుడికీ మా గుడికీ సంపూర్ణం, బాగా అల్లు" అనేవారు. అత్తకి తల్లి నేర్పిన పని అది. తల్లికి ఈ రాజు గారి తండ్రి ఇచ్చేవారట మొదటి గుప్పెడు.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, అత్త రామాలయం గేటు దాకా కుచ్చు తీసుకెళ్ళేది. రాజు గారి భార్య బుల్లెమ్మ గారు చెంబుతో ఎదురొచ్చేవారు. కుచ్చు అరుగు మీద పెట్టించి, దాని మీద పసుపునీళ్ళు చల్లి, అప్పుడు చేత్తో ఎత్తి లోపలికి తీసుకెళ్ళి మండపంలో కట్టించేవారు. తిరిగొచ్చి, గోడ గూట్లో మా వాళ్ళ కోసం ఉంచిన గ్లాసులో కాఫీ పోసేవారు. "మోకాళ్ళెలా ఉన్నాయే?" అని అడిగి, కొబ్బరినూనెలో కర్పూరం కాచి సీసాలో పోసిచ్చేవారు. ఆవిడకి మనసు లేదంటే నా నోరు కుళ్ళిపోతుంది. అయితే పసుపునీళ్ళు చల్లకుండా కుచ్చు ఎత్తిన ఏడు ఒక్కటీ లేదు.

దీని గురించి అత్త నవ్వేసేది. "నేను బోదె కాలవలో చేతులు కడుక్కునే అల్లానా? మళ్ళీ ఆవిడ కడిగింది. పిచ్చుక మాత్రం ఎవర్నీ ఏమీ అడక్కుండా తినేసింది" అనేది.

దేవుడు మట్టి తీసి మనిషిని చేశాడని మేం నమ్ముతాం. మట్టిలో పనిచేసే వాళ్ళని ముట్టుకోకూడదని ఎవరు మొదలుపెట్టారో మాత్రం ఇంతవరకు ఏ అయ్యగారూ మాకు చెప్పలేదు. మట్టిలోంచి ముందు కాళ్ళు తీసేసిన వాళ్ళు, ఇంకా అందులోనే ఉన్న వాళ్ళని చూసి ముక్కు మూసుకుని ఉంటారని నాకనిపిస్తుంది. వెంకటరాజు గారు బతికినన్నాళ్ళు ఏడాదికి ఒక్కపూటైనా ఆ మట్టిలోకి దిగి మా పక్కన నిలబడ్డారు. అంతమాత్రాన ఏమీ మారలేదు. కాని ఆ పూట ఆయన కాళ్ళకీ మా కాళ్ళకీ ఒకటే బురద ఉండేది.

ఆయన పోయాక కొడుకు గంగాధర్ గారు చేను రొయ్యల చెరువు చేయించారు. చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే చెరువులు. ఇదొక్కటే మిగిలింది, ఇదీ పోయింది. పొక్లెయిన్ దిగిన రోజు పేటంతా వెళ్ళి చూశాం. అత్త రాలేదు, ఒంట్లో జ్వరంగా ఉందంది.

చెరువు చుట్టూ నీలం వల కట్టారు. పిట్టలు వాలకుండా నీళ్ళ మీద అడ్డంగా దారాలు లాగారు. తన ఆవుకి గట్టు మీద గడ్డి కోసుకుందామని అత్త ఒకరోజు వెళ్ళింది. కాపలా ఉండే అబ్బాయి ఎదురొచ్చాడు.

"మామ్మగారండీ, అక్కడే ఆగండి. గట్టెక్కకూడదు."

"గడ్డికి నాయనా. ఈ గట్టు మీద నేను పుట్టకముందు నుంచీ కోస్తున్నాం."

"గడ్డి కాదండీ, మీ కాళ్ళండీ. బయట కాళ్ళతో వైరస్ వస్తుందండీ రొయ్యకి. పిట్టలతోనూ వస్తుంది, ఎండ్రకాయలతోనూ వస్తుంది. మీరని కాదండీ, అందరికీ అదే రూలు."

ఆ అబ్బాయి మంచివాడు. తనే కొడవలి తీసుకుని ఓ మోపు కోసి వల మీదుగా అందించాడు. అత్త మోపు ఎత్తుకుని వచ్చి మా అరుగు మీద కూలబడింది. "గ్లాసయిపోయిందే, ఇప్పుడు కాళ్ళు" అంది. ఆ రోజు నవ్వలేదు.

రెండేళ్ళు మా గుడికి కుచ్చు లేదు. రామాలయానికి రాజమండ్రిలో ఎక్కడో కొన్నారట, రంగువేసిన కుచ్చు. పిచ్చుకలు దాని జోలికి రాలేదని బుల్లెమ్మ గారే ఎవరితోనో అన్నారని విన్నాం. మూడో ఏడు తొలకరికి, మా గుడి వెనక ఖాళీగా పడున్న అయిదు సెంట్ల పల్లంలో వరి వేస్తానని అత్త పాస్టరు ఎజ్రా గారిని అడిగింది. ఆయన సంతోషంగా సరే అన్నారు. ఆడవాళ్ళం మాత్రం ఆటపట్టించాం.

"ఏంటత్తా, రాణిగారు సొంత సేద్యం మొదలెట్టారు?"

"ట్రాక్టరు ఎప్పుడు కొంటున్నావు?"

"నవ్వండే నవ్వండి. కోతకి మిమ్మల్నెవర్నీ పిలవను. కూలి అడుగుతారు."

ఊరి బోదెలోంచి కుండతో నీళ్ళు మోసి ఆకుమడి పోసింది. నాట్లు తనే వేసింది, ఒక్కతే వంగి. వయసులో ఉన్నప్పుడు ఇరవైమంది ముందు నడిచి నాట్లు వేయించిన మనిషి, వంగినప్పుడల్లా నడుం పట్టుకుని లేచేది. నేను ఒకపూట వెళ్ళి కలుపు తీశాను. వినాయకచవితి నాటికి పచ్చగా మోకాలెత్తు లేచింది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం గుడి వెనక్కి వెళ్ళి చూసేవాళ్ళం. మా పేట కనుచూపు మేరలో అదొక్కటే వరి. చిన్నపిల్లలు కొందరు నిలబడి ఉన్న వరిని దగ్గర నుంచి చూడటం అదే మొదలు. ఆవిడకి ఉన్న ఆశ ఒక్కటే, ఈసారి కోత పండుగకి తను పండించిన కంకులతో తన చేత్తో అల్లిన కుచ్చు గుడిలో కట్టాలని.

పొట్ట విచ్చి కంకులు బయటికొస్తున్న రోజుల్లో గంగాధర్ గారి చెరువులో రొయ్య ఎదిగి పట్టుబడికొచ్చింది. చెరువు ఎండగట్టడానికి మోటార్లు పెట్టి ఆ ఉప్పునీళ్ళు మా పేట వైపు బోదెలోకి వదిలారు. బోదె పొంగి గుడి వెనక పల్లం నిండింది. పొద్దున అత్త మడిలో దిగి ఓ చుక్క నాలిక్కి రాసుకుని చూసింది. వెంటనే నా దగ్గరికొచ్చి, "పద, బాబు గారి దగ్గరికి" అంది.

గంగాధర్ గారు ఇంటి వాకిట్లోనే ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. ఇద్దరికీ సీలు తియ్యని నీళ్ళ బాటిళ్ళు తెప్పించారు. ఇప్పుడు గ్లాసుల గొడవ లేదు. తాగి పారేస్తే సరిపోతుంది.

"ఏంటి సంపూర్ణమ్మా, ఇంత పొద్దున్నే? కూర్చో, కూర్చో. మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయండి బాబూ. గుడి వెనక కాస్త వరేశానండి. మీ చెరువు నీళ్ళు అందులోకొచ్చాయండి. ఓ పది రోజులు ఆపిస్తే గింజ పాలు పోసుకుంటుందండి."

"అయ్యో, నీ వరా అది? చూశాను, బాగుంది. కాని పట్టుబడి ఆపితే రొయ్య చచ్చిపోతుంది. నీళ్ళు వదలాలి కదా. అటు వాటం ఉంది, అటే పోతాయి. నేనేం చెయ్యను చెప్పు?"

అత్త బాటిల్ మూత తియ్యకుండానే కింద పెట్టింది.

"మోటారు పెట్టి తోడుతున్నారు కదండి బాబూ. తోడే నీళ్ళకి వాటం ఏంటండీ? ఎటు తోడితే అటు పోతాయి కదండి."

ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "అమ్మా, విన్నావా సంపూర్ణమ్మ మాట!" అని లోపలికి కేక వేశారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నిజమే, అటు పెద్ద డ్రెయిన్‌కి తోడొచ్చు. కాని పైపు మా బాబాయి వాళ్ళ కొబ్బరితోటలోంచి వెయ్యాలి. కారితే చెట్లు పాడైపోతాయని వాళ్ళు ఒప్పుకోరు."

"చెట్లు పాడవుతాయనా అండి?"

"మరి ఉప్పునీళ్ళు కదా."

లోపలి నుంచి బుల్లెమ్మ గారు కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. చూపు మందగించింది పాపం. "సంపూర్ణమా? కుచ్చు తెచ్చావా?" అని అడిగారు.

"ఇంకా లేదండి అమ్మగారూ" అంది అత్త.

గంగాధర్ గారికి అది చూసి మనసు కరిగింది. "నీకు కావలసింది కంకులే కదా! మా బావమరిదికి మండపేట వైపు పొలం ఉంది. మిషను పెట్టకుండా చేత్తో కోయించి, ఓ మోపు తెప్పిస్తాను. మీ గుడికీ మా గుడికీ అల్లు. సరేనా?"

"మీ దయండి" అంది అత్త. ఇంకేం అంటుంది?

నీళ్ళు ఆరు రోజులు వచ్చాయి. ఎజ్రా గారు ఆదివారం ప్రార్థనలో మడి పేరు చెప్పి ప్రార్థించారు. ఆ ప్రార్థనలోనే రొయ్యల రేటు పెరగాలని కూడా వేడుకున్నారు. పేటలో సగం ఇళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్డు మీదే బతుకుతున్నాయి, ఆయన మాత్రం ఏం చేస్తారు? రెంటికీ మేం ఆమేన్ అన్నాం. అత్త కూడా అంది.

మంచినీళ్ళు పోస్తే ఉప్పు దిగుతుందని ఎవరో అంటే, అత్త పొద్దునా సాయంత్రం పంచాయతీ కుళాయి నుంచి బిందెలతో మోసింది. కుళాయి దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు తమ వంతు వదిలి ఆవిడని ముందుకి పంపేవారు. మొదట ఆకుల కొసలు ఎర్రబడ్డాయి. తర్వాత ఆకు ముడుచుకుంది. కంకులు మాత్రం తలెత్తి నిలబడే ఉన్నాయి. నిండిన కంకి వంగాలి. ఒక్కటీ వంగలేదు. అత్త ఒక కంకి తెంపి వేళ్ళ మధ్య నలిపి చూసింది. అన్నీ తాలు. పొట్టు గాలికి పోయింది. ఇంకోటి తెంపింది. మడంతా తిరిగి చివరి మూల దాకా చూసి, గట్టెక్కి కాళ్ళు కడుక్కుంది.

కోత పండుగ ముందు రోజు కాపలా అబ్బాయి బండి మీద వరికంకుల మోపు తెచ్చాడు. గంగాధర్ గారు మాట తప్పే మనిషి కాదు. బరువైన కంకులు, బంగారంలా ఉన్నాయి. పేటంతా అత్త గుమ్మం ముందు మూగింది. "చూశావా, దేవుడు చెయ్యి విడిచిపెట్టలేదు" అని అందరూ తలో మాటా అన్నారు.

అత్త మోపు విప్పి, రామాలయానికి కుచ్చు అల్లింది. ఎప్పటిలాగే అల్లింది. దాన్ని ఆ అబ్బాయి చేతికే ఇచ్చి పంపింది. మిగతా కట్టని అలాగే పట్టుకుని ఎజ్రా గారి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారండీ, ఇది గంగాధర్ బాబు గారి కానుక. వారి పేరు మీదే పెట్టండి."

"నువ్వు అల్లి కట్టవా సంపూర్ణమ్మా?"

"నేను పండించింది కాదు కదండి. నేను కోసింది కూడా కాదు. మొదటి గుప్పెడని దేవుడికి ఎలా చెప్తానండి?"

పండుగనాడు బల్ల నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కోళ్ళు. వాటి చివర అత్త తన తాలుకంకులు గుప్పెడు పెట్టింది. అల్లలేదు, దారంతో కట్టింది, అంతే. ఆరాధన అయ్యాక అలవాటు ప్రకారం సంఘపెద్ద సామ్యేలు గారు ఒక్కో కానుకా ఎత్తి చూపించి వేలం పాడించారు. గంగాధర్ గారి వరికట్ట బాగా పలికింది. యానాం నుంచి వచ్చిన చుట్టాలు పాడుకుని, వాళ్ళ కొత్త ఇంటి హాల్లో అలంకారానికని కారులో పెట్టుకున్నారు.

సామ్యేలు గారి చెయ్యి తాలుకంకుల దగ్గరికి వచ్చి ఆగింది. ఎత్తి చూపిస్తే ఎవరైనా నవ్వుతారేమోనని భయపడ్డారు కాబోలు. ఎవరూ చూడకుండా బల్ల గుడ్డ కొస లాగి దాన్ని కప్పేసి, పక్కనున్న కోడిపెట్టని ఎత్తారు. ఆయన ఉద్దేశం మంచిదే. నేను అత్త వైపు చూడలేకపోయాను.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆవిడే అడిగింది.

"పాడించలేదు కదా?"

"లేదత్తా."

"మంచి పనే చేశాడు సామ్యేలు. ఎవరో జాలిపడి పాడేవాళ్ళు."

తర్వాత నెలలో చెరువుకి కొత్త నీళ్ళు పెట్టారు. గుడి వెనక పల్లం తెల్లగా ఉప్పు పూత పూసి గడ్డి కూడా మొలవడం లేదు. గుడి గోడకి కింద రెండడుగుల మేర సున్నం పొట్టు రాలుతోంది. మేత లేక అత్త ఆవుని అమ్మేసింది. వేళ్ళు వేగంగా ఆడటం లేదని అత్తని రొయ్యల షెడ్డులో తీసుకోలేదు. ఎవరింట్లో కూర ఎక్కువైతే వాళ్ళు గిన్నెతో ఇచ్చి వస్తున్నారు. కాపలా అబ్బాయి అప్పుడప్పుడూ రొయ్యలు ఇచ్చి వెళ్తాడు. అందరూ మంచివాళ్ళే. ప్రభువుకి స్తోత్రం చెప్పుకునే మేం తింటున్నాం.

మొన్న ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని, "అత్తా, ఆ అల్లిక నాకైనా నేర్పు. నీతోనే పోకూడదు కదా" అన్నాను.

ఆవిడ నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. నేర్పుతుందనే అనుకున్నాను.

"దేంతో అల్లుతావే?" అంది.