మిఠాయి పెట్టెలో ఆంప్లిఫయర్

ఈ చూపుడువేలికి కట్టేంటని పొద్దుట్నించీ అందరూ అడుగుతున్నారు. కాలింది. వంట చేస్తూ కాదు, గిటారు వాయించబోయి! అప్పుడే నవ్వకండి, టీ ఒలికిపోతుంది. మొత్తం విన్నాక నవ్వుదురు గాని, అప్పుడు నేనూ కలుస్తాను.

మీకు తెలుసుగా, నలభై ఒకటో ఏట నాకు గిటారు పిచ్చి పట్టింది. పగలు ఎనిమిదో క్లాసు పిల్లలకు లెక్కలు చెప్పడం, సాయంత్రం ఫోన్లో వీడియో పెట్టుకుని నేను పాఠాలు నేర్చుకోవడం. ఒక ఎలక్ట్రిక్ గిటారు, దానికో చిన్న ఆంప్. చిన్నదంటే మరీ చిన్నది, మన స్టాఫ్ రూమ్‌లో ఉన్న టిఫిన్ క్యారియర్ అంత. ఎంత ప్రేమగా మీటినా పల్చగా, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చేది శబ్దం.

ఇలా ఉండగా విరుదునగర్‌లో మా అక్క కూతురు దేవికి నిశ్చితార్థం కుదిరింది. ఆ పిల్ల ఫోన్ చేసి, "చిన్నమ్మా, ఉంగరాలు మార్చుకునేటప్పుడు నువ్వే వాయించాల. ఆర్కెస్ట్రా వద్దని నాయనకు చెప్పేసినాను" అంది. నేను గిటారు తీస్తే చుట్టాలందరికీ ఏదో పని గుర్తొచ్చేది. మధ్యలో లేచి వెళ్ళకుండా చివరిదాకా కూర్చుని విన్నది దేవి ఒక్కతే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఒప్పేసుకున్నాను.

మర్నాడు దేవి నాన్న, అదే మా బావ, ఏదో పని మీద కోవిల్‌పట్టి వచ్చి, పనిలో పనిగా మా ఇంటికీ వచ్చాడు.

"ఏం మరదలా, నీ దోమ ఏది? ఒకతూరి పాడించు, విందాము."

వాయించాను. తల పక్కకు వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ విన్నాడు.

"ఇది రెండో వరస దాటదు. సరి, పిల్ల ఆశపడింది గదా, వాయించు. అయితే ఒక పందెం. అందరికన్నా వెనక, కడసీ వరసలో మా నాయన కూర్చుంటాడు. ఆయనకు వినబడలేదంటే ఈ గిటారు మా ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలిస్తాను. దుమ్ము తుడిచేదానికి మాత్రం నువ్వు రావచ్చు."

"సరే బావా!" అనేశాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందే ఉంటుంది.

ఇక మొదలయ్యాయి నా ప్రయోగాలు. బాస్ మొత్తం తిప్పేశాను. బుస్సుబుస్సుమంది. వెనక తలగడ పెట్టాను. శబ్దం దాని మీద పడుకుని నిద్రపోయింది. పొంగల్‌కు దింపే స్టీలు అండాలో పెట్టాను. బావిలో పడ్డవాడు కేకలేసినట్టుంది. మా ఆయన బాత్రూంలో నుంచి అరిచాడు, "ఏమైంది, ఎవరు పడ్డారు?"

ఇదంతా మా అత్త గడప దగ్గర కూర్చుని, చేటలో వేరుశనగ గింజలు ఏరుకుంటూ వింటోంది.

మా అత్త గురించి మీకు చెప్పాలి. నలభై ఏళ్ళు ఇక్కడి కడలై మిఠాయి, అదే వేరుశనగ చిక్కీ, చేసే కొట్టంలో పాకం దగ్గర నిలబడిన మనిషి. మన ఊరి మిఠాయి కరకరలాడాలంటే బెల్లం పాకం సరిగ్గా ఆ క్షణాన దించాలి. అది చూసి తెలియదు, విని తెలుసుకోవాలి. చుక్క పాకం నీళ్ళలో వేసి, గట్టిపడిన ఉండను పళ్ళెం అంచుకు కొడితే ఖంగుమనాలి. ఆ మోత వినగానే దించెయ్యాలి. యజమాని ఒకసారి వేడి కొలిచే మీటర్ కొనుక్కొచ్చాడట. నాలుగు నెలలకు అది పాడైపోయింది. మా అత్త చెవి మాత్రం ఇప్పటికీ పాడవలేదు.

ఆమె చేట పక్కన పెట్టి లేచొచ్చింది.

"అమ్మణ్ణీ, అది పాకం రాకముందే దించినట్టుండాది. పల్చన. ఆ బిళ్ళ ఎందుకు చేతిలో? బిళ్ళతో గీకితే గీకుడే వినబడతది. బొటనవేలి కండతో కొట్టు. ఆ కొసన కాదు, మెడ కాడికి రా."

ప్లాస్టిక్ బిళ్ళ పక్కన పడేసి బొటనవేలితో, తీగల మీద కాస్త పైకి జరిగి మీటాను. నిజంగానే మెత్తబడింది!

"ఇంగ ఆ కీచు తగ్గించు." ట్రెబుల్ తగ్గించాను. "ఒంటిగా స్టూలు మీద కూర్చోబెడితే అది మాత్రం ఏం చేస్తది? దానికి ఒక ఇల్లు కావాల."

అటక మీద నుంచి ఒక పాత చెక్కపెట్టె దింపించింది. అట్టపెట్టెలు రాకముందు మిఠాయి విరుదునగర్ అంగళ్ళకు అందులోనే పోయేదట. మూత లేదు. నల్లగా, జిగటగా ఉంది. దాన్ని పక్కకు పడుకోబెట్టి, లోపల గోనెసంచి పరిచి, ఆంప్‌ను నోటి దగ్గర కూర్చోబెట్టింది.

మీటాను. అమ్మా! ఏం చెప్పను! అదే ఆంప్, అదే నేను. గది నిండిపోయింది. అరలో గ్లాసులు సన్నగా వణికాయి. గిటారు పట్టుకోవడం కూడా తెలియని మనిషి, బాస్ అంటే ఏంటో తెలియని మనిషి, మూడు మాటల్లో తేల్చేసింది. నేను రెండు వారాలు వీడియోలు చూసి అండాలో దిగాను! లేచి ఆమెకు దణ్ణం పెట్టాను. "సాలు, పోయి రైసు పెట్టు" అంది.

ఇక్కడిదాకా అంతా బాగుంది. ఇక్కడి నుంచి నా తెలివి మొదలవుతుంది.

ఫంక్షన్‌కు మూడు రోజుల ముందు అత్త వాళ్ళ చెల్లెల్ని చూడటానికి కడంబూరు వెళ్ళింది. అటు నుంచి అటే రైల్లో విరుదునగర్ వస్తానంది. పోతూ పోతూ, "పెట్టెను అట్టనే కట్టి తీసుకురా. తడి తగలనియ్యద్దు" అని చెప్పింది. విన్నాను. తల కూడా ఊపాను. కానీ పెళ్ళికొడుకు వాళ్ళు మదురై వాళ్ళు, ఇస్త్రీ మడత నలగని మనుషులు. వాళ్ళ ముందు ఈ నల్ల జిడ్డు పెట్టె ఎలా పెట్టను? వేడినీళ్ళు కాచాను. సబ్బుపొడి వేశాను. పీచు పెట్టి గంటసేపు తోమాను. డికాక్షన్ రంగు నీళ్ళు బకెట్లు బకెట్లు పోయాయి. ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, చుట్టూ బంగారు రంగు కాగితం అంటించాను. ఎంత ముద్దుగా ఉందో! ఫోటో కూడా తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే విరుదునగర్ మండపంలో స్టేజి పక్కన పెట్టి, కేబుల్ గుచ్చి, ఒక్కసారి మీటాను.

జర్ర్ర్ర్.

పలకలన్నీ కలిసి వణికాయి. మళ్ళీ మీటాను. ఇంకా ఎక్కువ జర్ర్. ఏంటా అని పెట్టెను పైకెత్తాను. పక్క పలక నా చేతిలో ఉండిపోయింది, మిగతా పెట్టె కింద ఉంది.

బావ ఎక్కడి నుంచి చూస్తున్నాడో, వచ్చి జేబులోంచి ఒక పొడుగాటి మేకు తీసి చూపించాడు. "గిటారుకని తెచ్చినాను మరదలా. కావాలంటే దీన్ని నీ పెట్టెకు కొట్టుకో. గోడకు ఇంగొకటి తెచ్చుకుంటాను."

ఏడుపొచ్చింది. నిజంగా. దేవి మేడ మీద చీర కట్టించుకుంటోంది. ముహూర్తానికి ఇరవై నిమిషాలు కూడా లేవు. ఆ పిల్ల ఆర్కెస్ట్రా వద్దంది, నన్ను నమ్మి.

అప్పుడే అత్త వచ్చింది. పెట్టె దగ్గర వంగి, ఒకసారి వాసన చూసింది.

"కడిగినావా?"

నేను బంగారు కాగితం అంచు సర్దాను.

"నలబై ఏండ్ల పాకం అమ్మణ్ణీ అది. కారి కారి సందుల్లో దిగి రాయైపోయిండాది. ఆ పెట్టెను పట్టుకునింది మేకులు కాదు, బెల్లం. నువ్వు దాన్ని కాఫీ చేసి పారబోసినావు."

బావ మేకు అందించబోతే వద్దంది. "ఎండిన పలక, చీలిపోద్ది. నువ్వు దీన్ని పట్టుకుని రా అప్పా."

నేరుగా వంటశాలలోకి నడిచింది. పాయసం కోసం తెచ్చిన బెల్లంలో కొంత తీసి మూకుడులో వేసింది. వంటమాస్టారు ఏదో అనబోయాడు. ఆమె గరిట తిప్పే తీరు చూసి ఆగిపోయాడు. ఒక చుక్క నీళ్ళలో వేసింది. ఉండ తీసి మూత అంచుకు కొట్టింది. ఉహూఁ. ఇంకొకటి. ఉహూఁ. మూడోది... ఖంగ్! వంటవాళ్ళు అందరూ తలలు తిప్పి చూశారు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు అంత కంగారులోనూ ఒళ్ళు పులకరించింది. ఆ చెవికి ఎవరూ సన్మానం చెయ్యలేదు, చెయ్యరు కూడా.

పట్టు పంచె కట్టుకున్న బావ రెండు చేతులా పలకలు నొక్కిపట్టి కూర్చున్నాడు. ఆంప్‌ను ముందే లోపల పెట్టించి, సందు సందుకీ పాకం పోసింది అత్త. "కదిలినావంటే నీకే కాలేది" అంటే మా బావ ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. ఆ దృశ్యం నాకు జన్మంతా చాలు.

నేను ఊరుకోవచ్చు కదా! లెక్కల టీచర్ని, సరిచూసుకోవాలి. గట్టిపడిందా లేదా అని వేలు పెట్టాను. పెట్టిన వేలు ఇదిగో ఇదే.

"అయ్యో, అత్తా! కుడిచెయ్యి! ఇప్పుడెలా వాయించేది?"

"బొటనవేలు ఉండాది గదా? అది సాలు. పో."

పోయాను. వాయించాను. ఉంగరాలు మారుతుంటే మండపమంతా నిండుగా మోగింది నా టిఫిన్ క్యారియర్. వేడికి కమ్మగా బెల్లం వాసన కూడా వస్తోంది. దేవి తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. వాళ్ళ తాత కడసీ వరసలో నుంచి కొడుకును పిలిచి గట్టిగా అడిగాడు, "ఆర్కెస్ట్రా వద్దన్నారు, మళ్ళీ ఎవర్ని పిలిచినార్రా?" బావ తన చేతుల వంక చూసుకున్నాడు. రెండు చేతులకూ జిగట, మేకు తీసి పారేద్దామన్నా జేబులో చెయ్యి పెట్టలేడు.

పాట అయ్యాక చూస్తే పెట్టె వెనకాల ఇద్దరు చిన్నపిల్లలు కూర్చుని దాన్ని నాకుతున్నారు. ఆంప్ తీద్దామంటే రాదు. పాకం దాని కిందికి కూడా దిగి పట్టేసింది. పెట్టెతో సహా కారెక్కించి తెచ్చాం. రాత్రికే చీమలు వరస కట్టాయి. అత్త నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి, నాలుగు ఇటుకలు నిలబెట్టి, వాటి మీద పెట్టించింది. ఇప్పుడు మా హాల్లో ఆంప్ మిఠాయి బీరువాలాగా నీళ్ళ మధ్య కూర్చునుంది. నేను తుడుస్తానేమో అని అత్త కాపలా.

ఇందాక ప్రేయర్ దగ్గర మన మ్యూజిక్ సార్ వచ్చాడు. ఎవరో ఫోన్‌కు పంపిన వీడియో చూశాడట. చాలా సీరియస్‌గా, "టోన్ అదిరింది మేడం. అంత చిన్న ఆంప్‌లో ఎలా? సెట్టింగ్స్ చెప్పండి, రాసుకుంటాను" అని పెన్ను తీశాడు.

అబద్ధం ఎందుకని ఉన్నదున్నట్టు చెప్పాను: బాస్ ఐదు, ట్రెబుల్ మూడు, బెల్లం అరకిలో.