ఏటి పాట

మా మాష్టారు పోయారని సుంగై పెటాని నుంచి టెలిగ్రాం వచ్చింది. క్లాంగ్‌లో, వంటింటి గుమ్మంలో నిలబడి చదివాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది దిగాక రాస్తే మర్యాదగా ఉంటుందని మా ఆయన అన్నాడు. మర్యాదగా రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లను రాయనివ్వండి.

మాది సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీల రబ్బరు తోట. మా అమ్మ పాల కోసం చెట్లు గీసేది. మాష్టారు తోటబడిలో తెలుగు చెప్పేవారు. కుర్రతనంలో మిషన్ బడిలో పియానో నేర్చుకున్నారట. దొరగారి బంగళాలో చెదపట్టిందని బయట పడేసిన పియానోను నలుగురిని పట్టి బడి షెడ్డులోకి మోయించారు. అందులో నడిమి ఐదు మెట్లే సరిగ్గా పలికేవి. మిగతావాటిలో కొన్ని మూగవి, కొన్ని మూలిగేవి. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఆయన ఆ ఐదు స్వరాలతోనే పిల్లల కోసం ఎనిమిది చిన్న పాటలు కట్టడానికి కూర్చున్నారు.

"సేతికి ఐదు వేళ్లు, పెట్టెకి ఐదు మెట్లు. ఇంకేటి గావాల లా?" అనేవారు, ఈ దేశపు 'లా' ఒకటి చివర తగిలించి.

రెండు వరుసలు రాసి మాలో ఒకరిని పిలిచి వాయించమనేవారు. ఎక్కడ మా వేలు తడబడితే అక్కడ స్వరం కొట్టేసేవారు. మమ్మల్ని ఒక్క మాట అనేవారు కాదు. "పిల్ల తడబడితే తప్పు పాటది" అనేవారు. ఒక్కో పాట అరనిమిషం. చెట్టుకు కట్టిన గిన్నెలో పాలు పడే చప్పుడు ఒక పాట. తెల్లవారుజామున ఆడవాళ్లు హాజరుకి పరుగెత్తడం ఒక పాట.

మూడోది నాది. నేను ఏ మెట్టు నొక్కినా "ఏటి? ఇదేటి?" అని ప్రాణం తీసేదాన్ని. దాన్నే పాట చేశారు. గబగబా నాలుగు అడుగులు, చివర రెండు స్వరాలు పైకి లేచి అక్కడే ఆగిపోతాయి. ఏ-టి. పైన 'ఏటి పాట' అని రాశారు. ప్రశ్న గుర్తు పెట్టలేదేమని అడిగాను.

"అడిగేది గొంతులోనే ఉంది కదమ్మా. మల్లీ కొక్కెం ఎందుకు?"

అంతలో, అడవిలో కమ్యూనిస్టులు తెల్లదొరల మీద తిరగబడ్డారని ఎమర్జెన్సీ పెట్టారు. తోట చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలోవాళ్లకు బియ్యం మోస్తున్నారేమోనని గేటు దగ్గర మా అమ్మల కొంగులు విప్పించి వెతికేవారు. ఒక ఉదయం మాష్టారి సంచిలో ఈ పాటల నోటుపుస్తకం దొరికింది. నిండా స, రి, గ, గీతలు, చుక్కలు. రహస్య లిపి అనుకున్నారు. చదివి చెప్పడానికి ఒక దుబాసీని పిలిపించారు. ఆంధ్రదేశంలో చదువుకుని వచ్చిన పెద్దమనిషి. 'ఏటి పాట' అంటే ఏరు మీద పాట అని ఆయన అర్థం చెప్పాడు. పుస్తకాల్లో అర్థం అదే మరి. తోట అవతల ఒక ఏరుంది. ఏరు దాటితే అడవి.

"ఏ ఏరు? ఎవరు దాటుతున్నారు?" అన్నాడు అధికారి.

మాష్టారు బిత్తరపోయి "ఏటి?" అన్నారు.

కాగితం మీది మాటే నోటి నుంచి వచ్చింది, ఒప్పుకున్నాడని రాసుకున్నారు. దుబాసీ పక్కనే ఉన్నాడు. నోరు విప్పలేదు. విచారణ లేకుండా పద్నాలుగు నెలలు లోపల ఉంచారు. ఆ దుబాసీ ఈ దేశంలో అడుగుపెట్టాక 'ఏటి' అనే మాట ఒక్కసారైనా వినలేదా? రోజూ వినే ఉంటాడు. కూలీల మాటకు కూడా అర్థం ఉంటుందని అనుకోలేదు, అంతే.

వదిలేటప్పుడు పుస్తకం తిరిగి ఇవ్వలేదు. "మీ వేళ్లలో ఉంది కదా" అని మాష్టారు మా చేత వాయించి ఎనిమిదీ మళ్లీ రాసుకున్నారు. ఈసారి నేనే పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాను. ఆయన రబ్బరు తీసుకుని చెరిపేశారు. "తప్పు రాసినోడిది కాదమ్మా, సదివినోడిది." జైలు సంగతి నవ్వుతూ చెప్పేవారు. నేను ఏనాడూ నవ్వలేదు. మెర్డేకా నాడు, స్వతంత్రం వచ్చిందని రేడియోలో విని "ఏటి, ఇంక కంచె తీసేత్తారా?" అన్నారు. ఆ ఏడు తియ్యలేదు.

సంతాపసభకు సుంగై పెటాని వెళ్లాను. అధ్యక్షుడి కుర్చీలో ఎవరనుకున్నారు? ఆ దుబాసీయే. పంచిన కాగితం మీద 'ఏటి పాట' అని, కింద పారే నది బొమ్మ. "గలగల పారే ఏరులాంటి మనిషి" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఎవరూ పిలవకుండానే లేచి వెళ్లి హాల్లో ఉన్న పియానో ముందు కూర్చున్నాను. పాట పేరు చెప్పలేదు. చిన్నప్పుడు వాయించినట్టే పొగరుగా, గబగబా వాయించి, చివరి రెండు స్వరాల దగ్గర ఆపేశాను.

వెనక బెంచీల మీద తోట ఆడవాళ్లు కూర్చున్నారు. అక్షరం రాని మనుషులు. వాళ్లలో ఒకామె పకపకా నవ్వింది.

"ఏటి, ఏటి అంతంది పెట్టె, సూడండే!"

బెంచీలన్నీ నవ్వాయి. నవ్వుతూనే కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. అధ్యక్షుడు నది బొమ్మ చేతిలో పట్టుకుని నా వైపు వంగాడు.

"వాళ్లేమంటున్నారమ్మా?" అన్నాడు.

నేను అర్థం చెప్పలేదు.