ఆపరేటర్ రెక్కలు

మధ్యాహ్నం రెండింటికి బీచుపల్లి కాడ ట్రక్కు దిగినం. సన్నవాన. కృష్ణ ఎర్రగ, తుమ్మచెట్లను వేర్లతోటి సహా మోసుకపోతుంది. నాది కల్వకుర్తి. పక్క జిల్లాలనే మా మిలిటరోళ్లకు వరద డ్యూటీ పడ్డది. ఆడోళ్లను ఎత్తేటప్పుడు ఆడ సిపాయి ఉండాలని నన్ను కూడ పంపిండ్రు. ఒక పడవ, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఆర్డర్ ఒకటే: గద్వాల దిక్కు మునిగిన పల్లెల నుంచి జనాన్ని బయటికి తేవాలె.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది వనపర్తి. సిగరెట్లు తాగుతడు, పొద్దెక్కేదాక పంటడు. అయినా క్యాంపుల ఇనుప కడ్డీకి వేలాడి, ముచ్చట చెప్పుకుంటనే ఎన్నిసార్లయినా గడ్డం కడ్డీ మీదికి లేపుతడు. నేను రోజూ తెల్లారకముందే లేసి కష్టపడ్డా ఐదోసారికి రెక్కలు వణుకుతయి. వీపు మీద మూటతోటి దూరం నడిచేటప్పుడు ఆయన నా ఎనకనే. కడ్డీ కాడ మాత్రం ఆయనను చూస్తే నాకు కడుపుల మండేది.

రెండోనాడు ఒక ఊరి బడి స్లాబు మీద ఉన్నం. గాజులమ్మే ఖాజాబీ కింద గోడ పట్టుకొని నిలబడ్డది, నడుములోతు నీళ్లల్ల. సందు ఇరుకు, పడవ ఆడిదాక రాదు. నేను బోర్ల పండి, పాదాలు ఎనక ఇనుప చువ్వలకు మెలేసి, ఆమె మణికట్టు పట్టిన. నా కాళ్లు పట్టు ఇడువలే. భుజాలే ఆమెను లేపలే.

"ఇడవకు బిడ్డా," అన్నదామె.

"ఇడువనమ్మా," అన్న. వేళ్లు జారుతున్నయి.

ఆపరేటర్ సెట్టు కింద పెట్టి ఉరికొచ్చిండు. "జర జరుగు చెల్లె."

ఒక్క గుంజుడుకు ఆమె స్లాబు మీద పడ్డది. ఆయన చేతులు కండ్లకద్దుకున్నది. "నీ రెక్కలు సల్లగుండ." నా దిక్కు చూడలే.

మాపటికి మా హవల్దార్ సాబ్ నా మొహం చూసి ఏంది సంగతని అడిగిండు. చెప్పిన.

"ఆడ, మగ తేడా కాళ్లల్ల తక్కువ, భుజాలల్ల ఎక్కువ. ఒళ్లే గట్లుంటది. నీ తప్పు కాదు," అన్నడు.

తప్పయితే దిద్దుకుందును. కాదన్నందుకే ఏడుపొచ్చింది.

తెల్లారి వరద తగ్గినంక ట్రక్కుల వాపస్ పోయినం. ఆపరేటర్ నా ఎదురుంగ కూసున్నడు. ముంజేతిల ఖాజాబీ చేతిగాజు పలిగిన పెంకు దిగి ఉన్నది. పిన్నీసుతోటి తీసుకుంటుండు.

"నొప్పి పుట్టలేదా?"

"అప్పుడు తెల్వలే చెల్లె."

నాలుగేండ్లకే తీసుకున్న నా మిలిటరీ కొలువు అయిపోయింది. ఇప్పుడు కల్వకుర్తిల బడిపిల్లలకు ఆటలు నేర్పుతున్న. ఎన్నో చూసిన, ఎన్నో మరిచిన. ఆ ముంజేతి మీది సన్నటి ఎర్రగీత మాత్రం కండ్ల ముందలకెల్లి పోదు. ఆ గాటు నా చేతికి పడాల్సింది.