దుర్భిణి ఎవరి వైపు?

ఆ రోజుల్లో పెళ్ళిచూపులకు చెప్పి ఇంటికొచ్చేవాళ్ళు మర్యాదస్తుల కిందే లెక్క. కాఫీ పళ్ళెం పట్టుకుని ఎవరి ముందూ నిలబడనని ఒట్టు పెట్టుకున్న నాలాంటి వాళ్ళను చెప్పకుండా చూసే పద్ధతులు నెల్లూరులో చాలానే ఉండేవి. గుడిలో చూస్తారు, చీరల కొట్లో చూస్తారు. (మా చిన్నక్కను పళ్ళ డాక్టరు దగ్గర, నోరు తెరిచి ఉండగా చూసుకుపోయారు. సంబంధం కుదిరింది కూడా.) అందుకే డిగ్రీ ఆఖరి ఏడాదిలో నా హాస్టల్ స్నేహితురాలు నిదానం (నడకా మాటా అలాంటివి కాబట్టి మేం పెట్టిన పేరు) “పులికాట్‌లో పక్షుల దీవికి పోదాం రామ్మే, ఫ్లెమింగోలు దిగినాయంట” అన్నప్పుడు నాకు అనుమానం రాకపోవడం ఇప్పటికీ అవమానమే.

అనుమానం పడవ దగ్గర వచ్చింది. నిదానం వాళ్ళ పెద్దమ్మ తోడొచ్చింది, సరే. ఆమెకు తెలిసినావిడట, ఇంకొకామె పట్టుచీరలో నిలబడి ఉంది. బురద దీవికి పట్టుచీర! పక్కన ఆమె కొడుకు, మెడలో దుర్భిణి. “పక్షులంటే పిచ్చి ఆ పిలగాడికి” అంది పెద్దమ్మ, నేనేమీ అడక్కుండానే. అడగని ప్రశ్నకు జవాబొచ్చిందంటే ఇంకేముంది? ఈ పడవలో పెళ్ళికూతురిని నేనే!

చూడనీ, చూసి పారిపోయేలా చేద్దామనుకున్నాను. నీళ్ళు తక్కువై పడవ ఆగిపోతే చీర ఎగ్గట్టి బురదలోకి దూకి నెట్టాను. “ఎక్కి కూర్చో అమ్మే, మగోళ్ళుండారు గదా” అంది పట్టుచీరావిడ. “వీళ్ళు నెట్టేలోపల పక్షులు వాటి దేశం పోతాయి” అన్నాను. దీవిలో ఆమె చేపల పులుసు గిన్నె విప్పింది. మా జిల్లాలో మనిషిని తిట్టినా క్షమిస్తారు గానీ పులుసుకు వంక పెడితే క్షమించరు. పెట్టాను. “మామిడికాయ చాల్లేదు. పైగా పొద్దున చేసినట్టుండారే, రాత్రే చేసి పెట్టుకోవాల గదా?” ఆమె ముఖం కందిపోయింది. నా పక్కన నిదానం తలొంచుకుని “బాగుండాదత్తా” అంది. దుర్భిణి మా వైపు తిరిగినప్పుడల్లా నేను కళ్ళురిమాను. “వెనక చూడండి, ఫ్లెమింగోలు!” అని ఎవరో అరిచారు. ముఖం తిప్పించి పక్క నుంచి చూసే ఎత్తుగడ అనుకుని కదల్లేదు.

తిరుగు బస్సులో నిదానాన్ని నిలదీశాను. “నిజం చెప్పు. నన్ను చూసేదానికే గదా వచ్చినారు?”

“నిన్నెందుకు చూస్తారే? నన్ను. ఆయమ్మకి నెమ్మదైన కోడలు కావాలంట.”

“మరి నన్నెందుకు లాక్కుపోయినావు?”

“నీ పక్కన కూర్చుంటే ఎవురైనా నెమ్మదిగానే కనపడతారు గదమ్మే!”

సంబంధం కుదిరింది. పెళ్ళయ్యాక నిదానం గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుందని తేలింది. దుర్భిణి అబ్బాయి ఎక్కడ కనిపించినా “నీ వల్లే గదక్కా మోసపోయినాను” అంటాడు.

మొన్న చలికాలంలో ఒక్కదాన్నే మళ్ళీ ఆ దీవికి వెళ్ళాను. ఫ్లెమింగోలు గుంపుగా లేచాయి, రెక్కల కింద ఎర్రెర్రగా. ఇంత అందాన్ని వీపు వెనక పెట్టుకుని, ఎవరూ చూడని ముఖానికి పొద్దంతా కాపలా కాసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది. అయినా ఒక అనుమానం మాత్రం పోలేదు. నిదానం నా పక్కనే గదా కూర్చుంది? ఆ దుర్భిణి అటు తిరిగేటప్పుడు, పొరపాటునైనా, ఒక్కసారి నా మీద ఆగి ఉండదా?