బెండిగో పాత శ్మశానంలో ఎవరినైనా కదిపారా అని చూసొచ్చాను

మా లాస్యని మట్టిలో పెట్టి పదకొండు నెలలు. రెండున్నరేళ్ళ పిల్ల, జ్వరంతో పోయింది. మనలో అంత చిన్నపిల్లల్ని కాల్చరు కదా, క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి దగ్గర్లోనే పూడ్చాం. పూడ్చాక మళ్ళీ ఆ వైపు వెళ్ళకూడదని మా అత్తయ్య ఫోన్లో మరీ మరీ చెప్పింది. నేను వారం వారం వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు మా ఆయనకి బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే పేటకి మారదామంటున్నాడు. నేను రానన్నాను. కొన్నేళ్ళు ఎవరూ రాకపోతే గోరీ తవ్వేసి ఆ చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని పక్కింటామె చెప్పింది. శ్మశానం ఆఫీసులో అడిగితే అలా జరగదన్నారు. వాళ్ళు అలాగే అంటారు. ఏడో తరగతితో ఆపేసినదాన్ని, వాళ్ళ కాగితాలు నేను చదవలేను. అందుకే బాగా పాత శ్మశానం ఒకటి నా కళ్ళతో చూడాలనుకున్నాను. బంగారం తవ్వుకోవడానికి వచ్చిన చైనా వాళ్ళు, రకరకాల చర్చిల వాళ్ళు చనిపోయి మట్టిలో ఉన్న ఊరు బెండిగో అని మా ఆయనే చెప్పాడు. ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన వస్తే నాకు నచ్చజెప్తాడు.

శనివారం ఆరున్నరకి క్రాన్‌బర్న్‌లో రైలెక్కి, సిటీలో సదరన్ క్రాస్ స్టేషన్‌లో మారి బెండిగో రైలు పట్టుకున్నాను. అక్కడినుంచి రెండు గంటలు. శనాదివారాల్లో రానూపోనూ రైలు ఖర్చంతా పది డాలర్ల లోపే. స్టేషన్ బయట టాక్సీ ఎక్కితే డ్రైవరు మన తెలుగువాడే. నరేష్, వరంగల్. చదువుకోడానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మనవాడని తెలిశాక నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

"ఇటు తిప్పుతున్నావేంటి బాబూ?" అన్నాను.

"నిన్ను ముంచి నేనేమన్న బంగ్లా కడ్తనా అక్కా? గా కనవడేది పెద్ద చర్చి. చూస్తవని ఇట్ల తోల్కొచ్చిన."

చర్చి నిజంగానే పెద్దది, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూడాలి. తర్వాత ఎర్ర రంగేసిన చైనా గుడి దగ్గర ఆపాడు. లోపలికి టికెట్టు. డబ్బు తీసుకుని చూపించే దేవుడేమిటా అనుకుని, మన తిరుపతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అగరొత్తుల వాసన మాత్రం మన ఇంట్లోదే.

శ్మశానానికి చేరేసరికి పదకొండున్నర. నా ఇంగ్లీష్ అంతంతే, కాస్త తోడు రమ్మంటే నరేష్ మీటరు ఆపేసి వచ్చాడు. ఎందుకు ఆపాడా అని అదొక అనుమానం. చైనా వాళ్ళ వైపు ఇటుకలతో కట్టిన పొయ్యి ఉంది. "ఇక్కడ కాల్చేస్తారా?" అన్నాను.

"శవాలకు గాదక్కా, చనిపోయినోళ్ళ పేరు మీద కాగితాలు కాలుస్తరట."

అంతలో ఒక తెల్ల ముసలావిడ గోరీ మీద పూలు తీసి సంచిలో వేసుకోవడం చూశాను. "దొంగతనం! అడుగు ఆమెని," అన్నాను. నరేష్ సిగ్గుపడుతూనే అడిగాడు. ఆవిడ నవ్వి సంచి తెరిచి చూపించింది. అన్నీ ఎండిపోయినవి. కలుపు పీకడానికి ఊరివాళ్ళు కొందరు వంతులేసుకుని వస్తారట.

"ఇక్కడ గోరీలు తవ్వుతారా అని అడుగు," అన్నాను.

ఆవిడ తలూపింది. "అవును. చైనా వాళ్ళయి చాన తవ్వి ఎముకలు తీసిన్రట," అని నరేష్ మెల్లగా చెప్పాడు. నే చెప్పలేదూ!

"ఎవరు? ఆఫీసోళ్ళా?"

"కాదటక్కా. వాళ్ళ సొంతోళ్ళే. పెట్టెల్ల వెట్టి ఓడల మీద వాళ్ళ దేశం తీస్కపోయిన్రట."

"మరి ఎవరూ రానివాళ్ళు?"

ఆవిడ వేలితో నేల చూపించింది. "ఇక్కడే ఉన్నారు."

నేను నమ్మలేదు. ఆవిడ దగ్గర వరసలు, నంబర్లు రాసిన ఫైలుంది. పైన గుర్తుకి రాయి కూడా లేని చోట చిన్న ఇనుప నంబరొకటి కనిపిస్తే, అంకెలు నాకు వచ్చు కాబట్టి, నేనే చదివి "ఇదెవరు?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పింది.

"ఒక పాప. పద్నాలుగు నెలలు. పేరు రాయలేదు."

"ఈ పాప కోసం ఎవరైనా వస్తారా?"

నరేష్ అడిగాడు. ఆవిడ ఏదో అంది. "ఈమెనే వస్తదటక్కా," అన్నాడు.

అక్కడే గడ్డి మీద కూలబడి ఏడ్చాను. పేరు కూడా లేని పిల్లని, తల్లీతండ్రీ పోయి ఎన్నాళ్ళయిందో, ఇన్నేళ్ళలో ఎవరూ కదపలేదు. పైగా ఎవరో ముసలావిడ వచ్చి కలుపు తీస్తోంది. ఇంటికొచ్చాక మా ఆయనతో బ్రిస్బేన్ వెళ్దామన్నాను. అయితే మా పిల్ల వరస, నంబరు, ఆ చోటు ఎప్పటికీ తనదేనన్న మాట ఆఫీసు వాళ్ళ చేత కాగితం మీద రాయించుకుని, అది తెలుగులో నాకు ఎవరైనా చదివి వినిపించాకే బయలుదేరతాను. దేశం మీద నమ్మకం కుదిరిందని చెప్పను. ఆ ఒక్కావిడ మీద కుదిరింది. అలాంటి మనిషి క్రాన్‌బర్న్‌లోనూ ఒకరు ఉండకపోతారా అని.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త. పాత శ్మశానాల్లో గడ్డి ఖాళీగా ఉంది కదా అని అడ్డంగా నడవకండి, చుట్టూ తిరిగైనా దారి మీదే వెళ్ళండి. రాయి లేని చోట ఎక్కువగా పిల్లలే ఉంటారు.